పాప బొమ్మలకు సబ్బు చాలు

పోయిన నెల సోఫా శుభ్రం చేయించడానికి ఒక అబ్బాయిని పిలిపించాం. పాప దాని మీద రెండుసార్లు పాలు కక్కింది, ఒకసారి పప్పన్నం గిన్నె బోర్లించింది. అబ్బాయి పని బాగా చేశాడు. మిషన్ సర్దుకుంటూ హాల్లో మూలనున్న బొమ్మల బుట్ట చూసి, "మేడం, వీటికి కూడా శానిటైజేషన్ చేస్తాం, బుట్టంతా కలిపి తొమ్మిది వందలు. నెలనెలా చేయించుకుంటే తగ్గిస్తాం" అన్నాడు. వద్దన్నాను. "చిన్న పాప కదా మేడం, అన్నీ నోట్లో పెట్టుకుంటుంది. కంటికి కనపడవు గానీ క్రిములు లక్షల్లో ఉంటాయి" అన్నాడు. తనకు నేర్పిన మాట తను చెప్పాడు, అతని మీద నాకేం కోపం లేదు. కానీ ఏడాది కిందట ఆ మాట విని ఉంటే వెంటనే డబ్బులు తీసి ఇచ్చేదాన్ని. ఈ ఏడాదిలో నా మనసు ఎందుకు మారిందో రాయాలనిపించింది. మా ఫ్లాట్లలోనే నాలాంటి అమ్మలు నలుగురైదుగురు ఉన్నారు, రాత్రి పదకొండింటికి బాల్కనీ లైటు వెలుగుతుంటే వాళ్లేం చేస్తున్నారో నాకు తెలుసు.

పాప నెల ముందే పుట్టింది, 2024 ఫిబ్రవరిలో. తొమ్మిది రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉంచారు. లోపలికి వెళ్లాలంటే గాజులు, ఉంగరం తీసేసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. అక్కడి సిస్టర్ పక్కనే నిలబడి గడియారం చూసేది. "వేళ్ల సందులమ్మా, వేళ్ల సందులు" అని రోజూ చెప్పేది. ఇంటికొచ్చాక ఆవిడ చెప్పిన చేతుల సంగతి మర్చిపోయాను. ఆ గదిలోని భయం మాత్రం వెంట వచ్చింది.

పాపను పడుకోబెట్టాక బాల్కనీలో టబ్బు ముందు కూర్చునేదాన్ని. ప్లాస్టిక్ బొమ్మలకు క్రిమిసంహారక ద్రావణం, చెక్కవాటికి శానిటైజర్ స్ప్రే, గుడ్డ బొమ్మలకు ఇంకో రకం స్ప్రే, పళ్లొచ్చేటప్పుడు కొరికే రబ్బరు రింగులకు వైప్స్. 2020లో పాల ప్యాకెట్లు, కొత్తిమీర కట్టలు కూడా కడిగిన అలవాటు చేతుల్లో అలాగే ఉంది. వస్తువులు ముట్టుకుంటే కోవిడ్ వచ్చే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆ వార్త నేను చదివాను కూడా. చదివినంత మాత్రాన చేతులు ఆగవు కదా.

ఎర్ర గిలక్కాయ

మొదట పాడైంది గిలక్కాయ. మా అత్తయ్య చన్నపట్నలో కొని తెచ్చింది. ఇది మన చెన్నపట్నం కాదు, బెంగళూరు నుంచి మైసూరు రోడ్డులో 60 కిలోమీటర్లు పోతే రామనగర దాటాక వచ్చే ఊరు. ఎర్రటి గుండు, పసుపుపచ్చ పిడి, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. మన ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రనే అక్కడా వాడతారు, కన్నడంలో ఆలె మర అంటారు. లేతు మీద తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పూతలా పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. చిన్నప్పుడు లక్కపిడతలతో ఆడుకున్న వాళ్లకు ఆ నునుపు గుర్తుండే ఉంటుంది.

నేను దాని మీద రోజూ 70 శాతం ఆల్కహాల్ ఉన్న స్ప్రే కొట్టాను. నాలుగో రోజో ఐదో రోజో చేతికి జిగటగా తగిలింది. తెల్లటి కాటన్ గుడ్డతో తుడిస్తే ఎర్రగా మరక దిగింది, కుంకుమ ఒత్తినట్టు. లక్క నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఫర్నిచర్‌కు పాలిష్ వేసేవాళ్లు లక్కను స్పిరిట్‌లో కలిపేది అందుకే. అంటే ఆ గిలక్కాయను శుభ్రం చేస్తున్నాననుకుంటూ దాని పూతను నేనే రోజుకింత కరిగించి పాప నోటికి అందించాను. లక్క విషమేమీ కాదు, మందు మాత్రల మీద కూడా పూతగా వాడతారు. అయినా ఆ గుడ్డ చూశాక కాళ్లలో సత్తువ పోయినట్టయింది. ఎవరు చేయమన్నారు నన్ను ఈ పని? తడిగుడ్డతో ఒకసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తే ఆ గిలక్కాయ పాప పిల్లల దాకా ఉండేది.

అప్పుడు మొదటిసారి డబ్బాల మీద చిన్న అక్షరాలు చదివాను. ద్రావణం వస్తువు మీద కొన్ని నిమిషాల పాటు తడిగా ఉండాలి, అప్పుడే పని చేస్తుంది. నేను కొట్టిన మరుక్షణం తుడిచేసేదాన్ని. మురికి మీద కొడితే సరిగ్గా పనిచేయదు, ముందు సబ్బుతో కడగాలి. నేను కడగకుండానే కొట్టేదాన్ని. చివర్లో నోట్లో పెట్టుకునే వస్తువులైతే మళ్లీ మంచినీళ్లతో కడగాలి. అదీ చేయలేదు. ఇన్ని నెలలు నా నిద్ర పాడుచేసుకుని చేసిన పనిలో క్రిములు చచ్చింది ఎంతో, ఆ మందు పాప నోట్లోకి పోయింది ఎంతో.

ఇక్కడే నాకు అసలు తేడా తెలిసింది. శుభ్రం చేయడం ఒక పని, క్రిములను చంపడం ఇంకో పని. సబ్బు జిడ్డును విడదీస్తుంది, రుద్దితే మురికితో పాటు క్రిములు కూడా ఊడి నీళ్లలో కొట్టుకుపోతాయి. అవి చావనక్కర్లేదు, పాప నోటి దగ్గర లేకపోతే చాలు. అమెరికాలో మందులు, ఆహారం మీద నిఘా ఉంచే సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ట్రైక్లోసాన్‌తో సహా క్రిములను చంపే 19 రకాల రసాయనాలను చేతులు కడుక్కునే యాంటీ బాక్టీరియల్ సబ్బుల్లో వాడొద్దని చెప్పింది. మామూలు సబ్బు, నీళ్ల కన్నా అవి మేలని, రోజూ వాడినా ప్రమాదం లేదని కంపెనీలు చూపించలేకపోయాయి. అది చేతుల సబ్బు గురించే అయినా, మామూలు సబ్బును తక్కువగా చూసిన నాకు ఆ సంగతి బాగా తగిలింది.

బాతు కడుపులో

దాని తర్వాత బాతు. నొక్కితే కీచుమనే పసుపు రబ్బరు బాతు, స్నానం టబ్బులోది. రోజూ పైన తళతళలాడేలా తుడిచేదాన్ని. ఒకరోజు పాప ఒళ్లో ఉండగా దాన్ని గట్టిగా నొక్కితే అడుగు రంధ్రంలోంచి నల్లటి పొరలు వచ్చి నీళ్లలో తేలాయి, మాడిన ఉల్లిపొట్టులా. కత్తెరతో కోసి చూస్తే లోపలంతా బూజు. పాప ఆ నీళ్లు ఎన్నిసార్లు మొహం మీద చిమ్ముకుందో.

స్విట్జర్లాండ్, అమెరికా పరిశోధకులు ఇళ్లలో వాడిన ఇలాంటి స్నానం బొమ్మలను కోసి చూసి 2018లో ఒక పత్రం వేశారు. లోపలి గోడ మీద చదరపు సెంటీమీటరుకు 50 లక్షల నుంచి ఏడున్నర కోట్ల దాకా సూక్ష్మజీవులు ఉన్నాయట. దాదాపు 60 శాతం బొమ్మల్లో బూజు జాతి శిలీంధ్రాలు, 80 శాతం బొమ్మల్లో జబ్బు చేయగల రకం బాక్టీరియా కనిపించాయి. మెత్తటి ప్లాస్టిక్ నుంచి ఊరే పదార్థాలే వాటికి తిండి. నేను అంత కష్టపడి తుడిచిన పైభాగంలో పెద్దగా ఏమీ లేదు, ఉన్నదంతా నీళ్లు నిలిచి ఆరని చోట ఉంది. ఇప్పుడు మా ఇంట్లో రంధ్రం ఉన్న స్నానం బొమ్మే లేదు. ఒక స్టీలు గ్లాసు, రెండు ప్లాస్టిక్ గిన్నెలు ఇచ్చాం, వాటితోనే నీళ్లు ఒంపుకుంటూ ఆడుతుంది.

కుందేలు

అన్నిటికన్నా బాధపెట్టింది కుందేలు. బూడిద రంగు, పొడుగు చెవులు. ఏడాది నిండేదాకా ఉయ్యాలలో మెత్తటి బొమ్మలు, దిండ్లు పెట్టొద్దని పిల్లల డాక్టర్ ముందే చెప్పాడు, ఊపిరి ఆడని ప్రమాదం ఉంటుందని. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం సలహా కూడా అదే. పదమూడో నెలలో కుందేలును పక్కలోకి ఇచ్చాం. వారంలో అది లేకుండా నిద్రపోని స్థితికి వచ్చింది. కుడి చెవి కొస పాపకు కావాలి. చొంగతో తడిసి, ఆరి, మళ్లీ తడిసి ఆ కొసన బొచ్చు రాలి పాత చీర అంచులా బిరుసెక్కింది. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఆ కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ ముక్కుకు ఆనించుకుంటుంది. కళ్లు మూతలు పడ్డాక కూడా వేళ్లు కాసేపు కదులుతూనే ఉంటాయి.

పద్నాలుగో నెలలో క్రెష్ నుంచి హ్యాండ్ ఫుట్ మౌత్ తెచ్చుకుంది. అరచేతుల్లో, పాదాల్లో పొక్కులు, నోరంతా పుండ్లు. పెరుగన్నం కూడా మింగలేక ఏడ్చేది. నాకు పాత భయం ఒక్కసారిగా తిరిగొచ్చింది. ఉన్న బొమ్మలన్నీ టబ్బులో వేశాను, కుందేలును కూడా. క్రిమిసంహారక ద్రావణంలో గంట నానబెట్టి, వాసన పోవాలని సువాసన కండిషనర్‌లో ముంచి ఆరేశాను. ఆ రాత్రి పాప చెవి కొసను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగింది. కుందేలును దూరంగా తోసేసింది. మళ్లీ దగ్గరికి తీసుకుంది, మళ్లీ తోసేసింది. నోట్లో పుండ్లు, ఒళ్లు వెచ్చన, పైగా తన కుందేలు తనది కాకుండా పోయింది. మూడు రాత్రులు మా ఆయనా నేనూ వంతులేసుకుని భుజాన ఎత్తుకుని తిరిగాం.

వినికాట్ అని ఇంగ్లండులో పిల్లల డాక్టరు, మనోవైద్యుడు. ఇలాంటి బొమ్మల గురించి ఆయన 1951లోనే చెప్పాడు. బిడ్డ అంటిపెట్టుకున్న బొమ్మను తల్లి మురికిగా, కంపు కొడుతున్నా అలాగే ఉండనిస్తుందట. ఉతికితే బిడ్డ అనుభవంలో ఒక తెంపు వస్తుందనీ, ఆ బొమ్మ విలువే పోవచ్చనీ ఆమెకు తెలుసట. ఇది చదివి నేను ఏడ్చాను. అయినా ఆయన మాట పూర్తిగా ఒప్పుకోలేను. పొక్కుల నీరు, చొంగ అంటిన బొమ్మను ఉతక్కుండా ఎలా ఉంచుతాం? ఉతకడం అవసరమే. నేను చేసిన తప్పు దాని వాసన తీసేసి ఇంకో వాసన పులమడం. వేడినీళ్లు, పాప బట్టలకు వాడే సబ్బు, అంతే చాలు. ఆ సబ్బు వాసన పాపకు తెలిసిందే, తన గౌనుల్లో ఉంటుంది, నా చీరలో ఉంటుంది.

ఇంకో సంగతి డాక్టర్ చెప్పాడు. ఈ జబ్బు తెచ్చే వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉండదు, అందుకని ఆల్కహాల్ శానిటైజర్‌కు అవి అంత తేలిగ్గా లొంగవు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ కూడా అంతే. తగ్గిపోయాక కూడా వారాల తరబడి మలంలో వైరస్ వస్తుంటుంది. అంటే డైపర్ మార్చిన చేయి ముఖ్యం. అప్పుడు గుర్తొచ్చింది, ఆ క్రెష్‌లో రోజూ సాయంత్రం బొమ్మల మీద స్ప్రే కొడతారని మేం ఎంతో మెచ్చుకున్నాం. కానీ డైపర్ మార్చిన ఆయా ఒక చుక్క శానిటైజర్ రాసుకుని ఇంకో బిడ్డను ఎత్తుకోవడం నేను కళ్లారా చూశాను, చూసి కూడా ఏమీ అనిపించలేదు. ఆమెను అనడానికీ లేదు, ఆ గదిలో సింకు లేదు. తర్వాత నలుగురం కలిసి అడిగితే గది పక్కనే కుళాయి, సబ్బు పెట్టించారు. చేతులు సబ్బుతో కడుక్కుంటే పిల్లల్లో విరేచనాలు దాదాపు 30 శాతం తగ్గుతాయని ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసి లెక్కతేల్చారు. ఎన్ఐసీయూ సిస్టర్ మొదటి రోజే చెప్పిన వేళ్ల సందుల దగ్గరికే ఇన్నాళ్లకు తిరిగొచ్చాను.

మట్టి మంచిదే అనేవాళ్లకు

ఇదంతా విని మా తమ్ముడు "నేను మొదటినుంచీ అదే చెప్తున్నా అక్కా. మట్టిలో ఆడనీ, నాకనీ, అప్పుడే ఇమ్యూనిటీ వస్తుంది" అన్నాడు. ఈ మాట ఇప్పుడు చాలామంది అంటున్నారు. దీని వెనక 1989లో స్ట్రాకన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు రాసిన పత్రం ఉంది. 1958లో పుట్టిన 17 వేలకు పైగా బ్రిటిష్ పిల్లల వివరాలు చూస్తే, పైన అక్కలూ అన్నలూ ఎక్కువమంది ఉన్న పిల్లల్లో పుప్పొడి అలర్జీ తక్కువగా కనిపించింది. చిన్నప్పుడు తోబుట్టువుల నుంచి అంటుకునే ఇన్ఫెక్షన్లే కారణం కావచ్చని ఆయన ఊహించాడు. తర్వాత చాలామంది దాన్ని సవరించారు. మేలు చేసేవి అనాదిగా మనతో ఉన్న సూక్ష్మజీవులే గానీ జబ్బులు కావని అన్నారు.

నేను తమ్ముడికి సగమే ఒప్పుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో ఒక సంగతి ఉంది, వాడికీ తెలుసు. నాకన్నా ముందు అమ్మకు ఒక బాబు పుట్టాడు. ఎనిమిదో నెలలో విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయాడు, మా ఊరు హిందూపురంలోనే, 1987లో. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా అప్పుడు లేదు. మన దేశంలో ప్రభుత్వ టీకాల్లోకి అది 2016లో వచ్చింది, మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందుకే మట్టి మంచిదని అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. నేల మీద పడిన గిన్నె మళ్లీ కడగకుండా పాపకు ఇవ్వదు. అలాగని నా స్ప్రే సీసాలను చూసి ముచ్చటపడిందీ లేదు. "ఏందమ్మీ ఈ కంపు? సబ్బు పెట్టి ఉతికి ఎండలో ఏస్తే పోదా?" అంది, వచ్చిన మొదటి రోజే. బిడ్డను పోగొట్టుకున్న మనిషి చెప్పిన మాట అది. నేను పట్టించుకోలేదు.

క్రిములను చంపే మందు అవసరమైన సందర్భాలు ఉన్నాయి, కాదనను. ఇంట్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ప్లాస్టిక్ బొమ్మలను ముందు సబ్బుతో కడిగి, డబ్బా మీద చెప్పినంత పల్చగా కలిపిన బ్లీచ్‌లో చెప్పినంత సేపు ఉంచి, మంచినీళ్లతో బాగా జాడించాలి. ఆ బ్లీచ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాంతకం. కీమో జరుగుతున్న పిల్లలు, రోగనిరోధక శక్తి లేని పిల్లలు ఉన్న ఇళ్లకు నా మాటలేవీ వర్తించవు, వాళ్లు డాక్టర్ చెప్పినట్టే నడుచుకోవాలి. మా కింది ఫ్లాట్ బాబుకు ఆయాసం. వాడికి దుమ్ములోని కంటికి కనపడని పురుగులు పడవు. గుడ్డ బొమ్మలను వాళ్లు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతారు, అంత వేడి ఓర్చుకోలేనివాటిని కవర్‌లో చుట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత ఉతుకుతారు. చలికి పురుగులు చస్తాయి గానీ అలర్జీ తెప్పించే వాటి మలం బొమ్మలోనే ఉంటుంది, అందుకే ఆ తర్వాతి ఉతుకుడు. అది అవసరం చూసి చేసే పని. నాది ఏ అవసరమూ చూడని పని.

ఈ ఊళ్లో ఉతకడం

బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర మా అపార్ట్‌మెంటుకు కావేరి నీళ్లు రావు, బోరు, ట్యాంకరు. పాప పుట్టిన వేసవిలో బోరు ఎండిపోయింది, ట్యాంకరు కోసం గేటు దగ్గర కాపలా కాశాం. తాగే నీళ్లతో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది ఆ మార్చిలోనే. అదే నెలలో నేను రాత్రికి నాలుగు బకెట్లు బొమ్మల మీద పోశాను. పాపకోసం కదా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే కింద వాచ్‌మన్ గుడిసెలో ఉన్న పసిబిడ్డ గుర్తొస్తుంది, వాళ్లకు రోజుకు రెండు బకెట్లే వచ్చేవి.

బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, ఎంత జాడించినా గుడ్డ బొమ్మ ఆరాక గరుకుగా అవుతుంది. కుందేలుకు మాత్రం ఆఖరి జాడింపు ఫిల్టర్ నీళ్లతో చేస్తాను, రెండు చెంబులు చాలు. దిండు గలీబులో పెట్టి మూతి కట్టి మిషన్‌లో వేస్తే చెవులు ఊడవు, కళ్లకు గుండీలు ఉంటే ముందు లాగి చూసుకోవాలి. తీశాక మెలితిప్పి పిండకూడదు, లోపలి దూది ఒక పక్కకు గుంపవుతుంది. తువ్వాలులో చుట్టి అదమాలి. అన్నిటికన్నా ముఖ్యం ఆరడం. లోపల తడి మిగిలిన బొమ్మ ఉతకని బొమ్మ కన్నా చెడ్డది, బాతు కడుపు చూశాక అది నాకు నమ్మకం. హిందూపురం ఎండకు రెండు గంటల్లో ఆరేది ఇక్కడ జులై మబ్బుల్లో రెండు రోజులైనా ఆరదు. మా బాల్కనీకి ఎండ పొద్దున పది నుంచి పన్నెండు దాకానే.

అలాంటిదే రెండో కుందేలు కొన్నాం, ఒకటి ఉతికితే ఇంకోటి ఉంటుందని. పాప దాని చెవి కొస పట్టుకుని వాసన చూసి కింద పెట్టేసింది. ఇప్పుడు దాన్ని నా దిండు పక్కన పెట్టుకుని పడుకుంటున్నాను, మా వాసన పడుతుందేమోనని.

బొమ్మల పని వారానికి ఒక్క రోజుకు తగ్గింది, ఆదివారం పొద్దున. మురికైనవి, బయట పడినవి, ఎవరైనా పిల్లలు వచ్చి ఆడినవి మాత్రమే. బ్యాటరీ బొమ్మలకు బ్యాటరీ తీసి తడిగుడ్డ, కొరికే రింగుల్లో ఉడికించొచ్చని రాసి ఉన్నవాటికి ఐదు నిమిషాలు మరిగే నీళ్లు. స్ప్రే సీసాలు అయిపోయాక మళ్లీ కొనలేదు. బయట నుంచి ఎవరొచ్చినా, మా ఆయనైనా, ముందు సింకు దగ్గరికి పంపిస్తాను.

ఇది రాస్తుండగా వాన పడుతోంది. పొద్దున కుందేలు మీద రాగిజావ పడింది, ఉతక్క తప్పలేదు. దండెం మీంచి తీసి హాల్లో ఫ్యాను కింద కుర్చీకి వేలాడదీశాను. పాప మధ్యాహ్నం నా భుజం మీదే నిద్రపోయింది, కాసేపట్లో లేస్తుంది. ఇప్పుడే వెళ్లి నొక్కి చూశాను. చెవులు ఆరాయి, కడుపు దగ్గర ఇంకా చల్లగా ఉంది. ఇంకో గంట తిప్పి పెట్టాలి.